పెరటి మట్టి, నీటి లెక్క

అమెరికాలో సొంత ఇల్లు ఏర్పరచుకొన్న తెలుగు కుటుంబం తొలి వేసవిలో తలపెట్టే పనులలో ఒకటి పెరటిలో నాలుగు మొక్కలు నాటడం. గోంగూర, వంగ, బెండ, బీరపాదు, వాటి నడుమ ఎంతో అపురూపంగా సంపాదించిన ఒక కరివేపాకు మొక్క. విత్తనాలు మంచివే, ఎండ చాలినంత ఉన్నది, శ్రద్ధకు కొరత లేదు. అయినా ఒక ఊరిలో ఏపుగా పెరిగిన మొక్కయే మరొక ఊరిలో ఆకులు పసుపుబారి, తల వాల్చి, ఒకటి రెండేళ్ళలో ఎండిపోతున్నది. నీరు చాలలేదేమోనన్న అనుమానంతో ఇంటివారు మరి రెండు చెంబులు ఎక్కువ పోస్తారు. చాలా సందర్భాలలో ఆ రెండు చెంబులే మొక్క ప్రాణం తీస్తాయి.

మొక్కను దోషిగా నిలిపే ముందు దాని కింద ఉన్న మట్టిని పరిశీలించడం న్యాయం. గొట్టంతో పోసిన నీరు నేరుగా మొక్కకు చేరదు. అది ముందుగా మట్టి వశమవుతుంది. అందులో ఎంత లోపలికి ఇంకాలి, ఎంత నిలవాలి, నిలిచిన దానిలో ఎంత వేరుకు దక్కాలి, వేళ్ళు ఊపిరి పీల్చుకొనేందుకు ఎంత గాలి మిగలాలి అన్న నాలుగు విషయాలనూ నిర్ణయించేది మట్టియే. డాలస్‌లో నల్లని జిగటమట్టి, అట్లాంటాలో ఎర్రమట్టి, టాంపాలో ఇసుక నేల. ఈ మూడు ప్రాంతాలలోనూ తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. మూడు చోట్లా "వారానికి ఒక అంగుళం నీరు" అన్న ఒకే సలహాను పాటిస్తే మూడు వేర్వేరు ఫలితాలు వస్తాయి. ఆ తేడాకు గల కారణాలను, వాటిని బట్టి పెరటి తోటలో పాటించవలసిన పద్ధతులను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మట్టిలోని మూడు పాళ్ళు

మట్టిలోని ఖనిజ రేణువులను వాటి పరిమాణాన్ని బట్టి మూడు తరగతులుగా విభజిస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ కొలమానం ప్రకారం 2 మిల్లీమీటర్ల నుండి 0.05 మిల్లీమీటరు వరకు ఉన్నది ఇసుక, 0.05 నుండి 0.002 వరకు ఉన్నది ఒండ్రు. అంతకన్న సన్ననిది బంకమన్ను. ఇసుకను వేళ్ళ నడుమ నలిపితే గరగరలాడుతుంది. ఒండ్రు పిండివలె మెత్తగా ఉంటుంది. బంకమన్ను తడిస్తే వేలికి అంటుకొని వదలదు. ఈ మూడూ తగిన పాళ్ళలో కలిసినదే తోటపనికి శ్రేష్ఠమైన గరప నేల.

రేణువు చిన్నదైనకొద్దీ అదే బరువుకు దాని ఉపరితలం పెరుగుతుంది. ఒక గ్రాము ముతక ఇసుకలోని రేణువులన్నింటి ఉపరితలం కలిపినా చదరపు మీటరులో నూరోవంతు ఉండదు. నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజానికి అదే ఒక గ్రాములో 600 నుండి 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. నీటి అణువులు అంటిపెట్టుకొనేది ఈ ఉపరితలాన్నే. అంతేకాక బంక రేణువులపై ఋణ విద్యుదావేశం ఉంటుంది. దాని ఆకర్షణ వల్ల కాల్షియం, పొటాషియం, అమోనియం వంటి ధనావేశపు పోషకాలు కొట్టుకుపోకుండా నిలుస్తాయి. ఇసుకకు ఈ రెండు గుణాలూ దాదాపు లేవు. ఇసుక నేల నీటినీ నిలుపుకోలేదు, ఎరువునూ నిలుపుకోలేదు.

పదును

మంచి తోటమట్టి ఘనపరిమాణంలో సుమారు సగం ఖాళీ స్థలమే. భారీ వర్షం పడినప్పుడు ఆ ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. తరువాత ఒకటి రెండు రోజులలో పెద్ద ఖాళీలలోని నీరు భూమ్యాకర్షణకు లోనై కిందికి జారిపోగా, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. సన్నని ఖాళీలలోని నీరు మాత్రం కేశాకర్షణ వల్ల అక్కడే నిలుస్తుంది. నీరూ గాలీ రెండూ ఉన్న ఈ స్థితియే వేళ్ళకు అత్యంత అనుకూలం. రైతు "పదును" అన్న ఒక్క మాటలో చెప్పేది దాదాపు ఈ స్థితినే. అక్కడి నుండి మొక్క నీటిని పీల్చుకొన్నకొద్దీ మిగిలిన నీరు రేణువులకు మరింత గట్టిగా అతుక్కొని ఉంటుంది. చివరకు వేరు ఎంత లాగినా రాని దశ వస్తుంది. అప్పుడు మొక్క శాశ్వతంగా వడలిపోతుంది. బంకమట్టిలో ఆ దశలో కూడా ఘనపరిమాణంలో 15 శాతానికి పైగా నీరు ఉండవచ్చు. చేతికి చెమ్మ తగులుతుంది, మొక్కకు మాత్రం అందదు.

పదునుకూ వడలిపోయే దశకూ నడుమ ఉన్న నీరే మొక్కకు దక్కే నీరు. ఒక అడుగు లోతు మట్టిలో అది ఇసుక నేలలో సుమారు ముప్పాతిక అంగుళం, బంకమట్టిలో సుమారు ఒకటిన్నర అంగుళం, మంచి గరప నేలలో రెండు అంగుళాల వరకు ఉంటుంది. ఎక్కువ నీటిని దాచుకొనేది బంకమట్టియే అయినా, మొక్కకు ఎక్కువగా ఇచ్చేది గరప నేల అని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క చేయవచ్చు. నడి వేసవిలో తోట రోజుకు సుమారు పావు అంగుళం నీటిని ఖర్చు చేస్తుందనుకొందాం. అందుబాటులోని నీటిలో సగం ఖర్చు కాగానే మళ్ళీ నీరు పెట్టడం మంచి పద్ధతి. ఆ ప్రకారం వేళ్ళు అడుగు లోతున ఉన్న కూరమడికి ఇసుక నేలలో ఒకటిన్నర రోజుకు, బంకమట్టిలో మూడు రోజులకు, గరప నేలలో నాలుగు రోజులకు ఒకసారి నీరు కావలసి ఉంటుంది. ఇసుక మడికి ఒకేసారి అంగుళం నీరు పెడితే అందులో సగానికి పైగా వేళ్ళను దాటి పాతాళానికి పోతుంది. నూరు చదరపు అడుగుల మడికి ఒక అంగుళం నీరంటే 62 గ్యాలన్లు. నీటి బిల్లు చూచుకొనేవారికి ఈ అంకె ప్రయోజనకరం.

నీరు ఇంకే వేగంలో తేడా ఇంకా ఎక్కువ. ఇసుక నేల గంటకు ఒక అంగుళానికి పైగా నీటిని సులభంగా తాగుతుంది. బంకమట్టి తడిసిన తరువాత గంటకు అంగుళంలో అయిదోవంతుకు మించి తాగలేదు. పచ్చికపై నీరు చల్లే సాధారణ స్ప్రింక్లర్లు గంటకు అంగుళం, అంగుళంన్నర చొప్పున కురిపిస్తాయి. బంక నేలలో అరగంట సేపు వాటిని ఆపకుండా నడిపితే వీధి కాలువలో పారేది ఆ నీరే.

వేళ్ళకూ ఊపిరి కావాలి

ఆకులు పగటిపూట ప్రాణవాయువును వెలువరిస్తాయని చిన్న తరగతులలోనే చెబుతారు. వేళ్ళు మాత్రం రేయింబవళ్ళు ప్రాణవాయువును పీల్చుకొంటాయన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. నీటినీ పోషకాలనూ లోపలికి తీసుకొనడానికి వేరుకు శక్తి కావాలి. ఆ శక్తి శ్వాసక్రియ నుండి రావాలి. ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు పదివేల వంతులలో ఒక వంతు మాత్రమే. ఖాళీలన్నీ నీటితో నిండిన మట్టిలో వేరు ఉన్నదంటే అది ఊపిరి బిగపట్టి ఉన్నట్లే.

ఆ మట్టిలో రసాయన పరిణామాలు ఒక క్రమంలో జరుగుతాయి. సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును ముందుగా ఖర్చు చేస్తాయి. అది అయిపోయాక నైట్రేటును వాడుకొంటాయి. మొక్కకు ఎరువుగా వేసిన నత్రజని వాయురూపంలో ఎగిరిపోతుంది. తరువాత మాంగనీసు, ఇనుము ఆక్సైడుల వంతు వస్తుంది. మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ పైన సల్ఫేటు నుండి హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఊపిరాడని వేళ్ళపై ఫైటాఫ్తొరా, పిథియం వంటి తెగుళ్ళు విజృంభిస్తాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకులు వాలిపోతాయి. చూచేవారికి అది దాహం వలెనే కనిపిస్తుంది. నీటిలో మునిగిన మొక్కకూ నీరు లేని మొక్కకూ పైకి కనిపించే లక్షణం ఒకటే కావడం వల్లనే రెండు చెంబులు ఎక్కువ పోసే పొరపాటు జరుగుతున్నది.

వరి నీటిలోనే నిలిచి పండుతున్నది కదా అన్న సందేహం గోదావరి, కృష్ణా డెల్టాల వారికి కలగడం సహజం. వరి కాండంలోనూ వేరులోనూ గాలి గొట్టాలవంటి కణజాలం ఉన్నది. ఆకుల నుండి ప్రాణవాయువు ఆ మార్గాన వేరు కొనల దాకా దిగుతుంది. నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన కరివేపాకుకు అటువంటి ఏర్పాటు లేదు.

టెక్సస్‌లో నల్లరేగడి

డాలస్ పరిసరాల నుండి శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లమట్టి మైదానం తెలుగువారికి పరాయిది కాదు. అక్కడి ప్రధానమైన నేల రకాన్ని "హ్యూస్టన్ బ్లాక్" అంటారు. ఆ ఒక్క రకమే సుమారు 15 లక్షల ఎకరాలలో ఉన్నది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి, ఈ టెక్సస్ మట్టి శాస్త్ర వర్గీకరణలో ఒకే శ్రేణికి చెందినవి. ఆ శ్రేణి పేరు వర్టిసాల్. రెండింటిలోనూ మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంక ఖనిజాలే ప్రధానం. ఈ ఖనిజపు పొరల నడుమకు నీరు చొరబడగలదు. అందువల్ల తడిస్తే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని చేయి దూరేటంత బీటలు వారుతుంది. డాలస్ ప్రాంతంలో ఇళ్ళ పునాదులు పగలడానికీ, వేసవిలో పునాది చుట్టూ నీరు పెట్టే ఆచారానికీ కారణం ఇదే.

బీటలు వారిన నేలకు ఒక్కసారిగా నీరు వదిలితే అది పగుళ్ళలో పడి లోతుకు పోతుంది. కొంతసేపటికి మట్టి ఉబ్బి పగుళ్ళు మూసుకొని, ఆపైన నీరు దాదాపు ఇంకదు. అందువల్ల ఈ నేలకు నీరు నెమ్మదిగా, విడతలుగా పెట్టాలి: పది నిమిషాలు నీరు, అరగంట విరామం, మళ్ళీ పది నిమిషాలు. ఆ తరువాత పైమట్టి రెండు అంగుళాల లోతు ఆరేదాకా ఆగాలి. మొక్కలను నేలమట్టానికి పైన, ఎత్తయిన మడులలో నాటాలి. ఈ ఉపాయం తెలుగునాట పరీక్షకు నిలిచినదే. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలో నల్లరేగడి, ఎర్రనేల పక్కపక్కనే ఉన్నాయి. వానాకాలంలో నల్లరేగడిలో నీరు నిలవకుండా, సుమారు మీటరు వెడల్పుగల ఎత్తు మడి, దాని పక్కన అరమీటరు కాలువ ఉండే సాగు పద్ధతిని అక్కడి శాస్త్రజ్ఞులు రూపొందించారు. ప్లేనోలోని పెరటికీ ఆ సూత్రమే వర్తిస్తుంది.

ఈ నేలలో కరివేపాకుకు మరొక గండం ఉన్నది. టెక్సస్ నల్లమట్టి సున్నపు శిలల నుండి ఏర్పడినందున దాని పి.హెచ్. తరచు 8 దగ్గర ఉంటుంది. పి.హెచ్. ఒక అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం సుమారు వెయ్యి రెట్లు తగ్గుతుంది. మట్టిలో ఇనుము పుష్కలంగా ఉన్నా మొక్కకు అందదు. పత్రహరితం తయారీకి ఇనుము అవసరం గనుక లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందుగా పసుపుబారుతాయి. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే శ్వాసక్రియ నుండి వచ్చిన బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి బైకార్బనేటుగా మారి ఇనుము కొరతను ఇంకా తీవ్రం చేస్తుంది.

కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం పెద్దల ఆచారం. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం కుండీలోని మట్టికి కొద్దిపాటి మేలు చేయవచ్చు. సున్నం నిండిన నేలలో మాత్రం ఆ కాస్త ఆమ్లం వెంటనే తటస్థమైపోతుంది. తుప్పుపట్టిన మేకులు పాతిపెట్టడం వల్లనూ ప్రయోజనం లేదు. తుప్పు కూడా కరగని ఇనుమే. అటువంటి నేలకు ఇ.డి.డి.హెచ్.ఎ. అనే పదార్థంతో బంధించిన ఇనుము ఎరువు పనిచేస్తుంది. చవకగా దొరికే ఇ.డి.టి.ఎ. రకం పి.హెచ్. ఆరున్నర దాటితే నిలకడ కోల్పోతుంది. కొనేముందు డబ్బాపై ఈ పేరు చూడడం మంచిది.

జార్జియా ఎర్రమట్టి, ఫ్లోరిడా ఇసుక

అట్లాంటా పరిసరాల ఎర్రమట్టిని చూడగానే తెలంగాణ చెలక నేలలు గుర్తుకు వస్తాయి. రెండింటి ఎరుపుకూ కారణం ఇనుము ఆక్సైడులే. పోలిక అంతటితో ఆగుతుంది. జార్జియా మట్టిలోని ప్రధాన ఖనిజం కేయొలినైట్. దాని పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. నడుమకు నీరు చొరబడదు. కనుక ఈ మట్టి నల్లరేగడివలె ఉబ్బదు, అంతగా పగలదు. పోషకాలను పట్టి ఉంచే శక్తి కూడా తక్కువే. శతాబ్దాల వర్షాలకు సున్నం కొట్టుకుపోయి మట్టి పుల్లబడింది. పి.హెచ్. 5.5 కన్న తగ్గినచోట కరిగిన అల్యూమినియం వేరు కొనలను మొద్దుబరుస్తుంది; పొట్టివేళ్ళ మొక్క లోతునున్న నీటిని అందుకోలేక త్వరగా వడలుతుంది. అక్కడ నీరు పెంచడం కన్న పరీక్ష చేయించి వ్యవసాయ సున్నం వేయడం ఫలప్రదం. టెక్సస్ మిత్రుల సలహాను జార్జియాలో, జార్జియా మిత్రుల సలహాను టెక్సస్‌లో పాటించరాదనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు. కొత్త కాలనీలలో ఇళ్ళు కట్టేటప్పుడు యంత్రాలు పైమట్టిని తొలగించి అడుగుమట్టిని అణగదొక్కుతాయి. ఆ గట్టిపొరను గడ్డపారతో వదులు చేయనిదే నీరు దిగదు, వేరు దిగదు.

ఫ్లోరిడా 1989లో తన రాష్ట్ర నేలగా ప్రకటించిన "మయాకా" సన్నని ఇసుక నేల. నీరు నిలవని ఇసుక నేలలో వేళ్ళకు గాలి కొరత ఉండదు. కొరతంతా నీటికీ ఎరువుకూ. కొద్దికొద్దిగా, తరచుగా నీరు పెట్టాలి. ఎరువును ఒకేసారి వేస్తే తరువాతి వానకు నైట్రేటు భూగర్భజలంలో కలుస్తుంది. దానిని మూడు నాలుగు విడతలుగా వేయడం మొక్కకూ ఊరికీ మంచిది. ఇసుక నేలలో వేళ్ళకు బుడిపెలు కలిగించే నులిపురుగుల బెడద కూడా ఎక్కువ. నీరు పెట్టినా బెండ, వంగ మధ్యాహ్నం వాలిపోతుంటే ఒక మొక్కను పెకలించి వేళ్ళను చూడడం మేలు.

కుండీలో కరివేపాకు

న్యూజెర్సీ, మిషిగన్ వంటి చలి రాష్ట్రాలలో కరివేపాకు కుండీలోనే బ్రతకాలి. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం బలంగా ఉన్నది. వాస్తవం ఇందుకు విరుద్ధం. సన్నని ఖాళీలున్న మట్టి నుండి పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి నీరు సులభంగా దిగదు. మట్టి అడుగుభాగం పూర్తిగా నానిన తరువాతనే దిగుతుంది. రాళ్ళు వేయడం వల్ల ఆ నానుడు పొర వేళ్ళకు మరింత చేరువ అవుతుంది. వంటింటి స్పాంజితో ఈ సూత్రాన్ని పిల్లలకు చూపవచ్చు. నీటిలో ముంచిన స్పాంజిని అడ్డంగా పట్టుకొని కారడం ఆగేదాకా ఉంచి, తరువాత నిలువుగా తిప్పితే మళ్ళీ నీరు కారుతుంది. మట్టి ఎత్తు పెరిగితే నీరు ఎక్కువగా వదులుతుందని దీని అర్థం. కనుక వెడల్పు పళ్ళెంవంటి కుండీ కన్న లోతైన కుండీ, అడుగున రంధ్రాలు, పెరటి మట్టికి బదులు తేలికైన కుండీ మిశ్రమం ఉపయోగించాలి. చలికాలంలో ఇంటిలోపల ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది గనుక వేసవి అలవాటు ప్రకారం నీరు పోయరాదు.

ఇంటిలో చేయదగిన పరీక్షలు

మట్టి స్వభావం తెలుసుకొనడానికి ప్రయోగశాల అక్కరలేదు. పిడికెడు మట్టిని తడిపి ముద్దచేసి, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ నొక్కుతూ పట్టీలాగ సాగదీయాలి. పట్టీ రాకపోతే ఇసుక నేల. అంగుళం లోపు విరిగితే గరప నేల. రెండు అంగుళాలు దాటినా నిలిస్తే బంకమట్టి.

రెండవ పరీక్ష పిల్లల బడి ప్రాజెక్టుకు కూడా పనికివస్తుంది. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు, ఒక చెంచాడు పాత్రలు తోమే సబ్బుపొడి వేసి బాగా కుదిపి కదల్చకుండా ఉంచాలి. నిమిషంలోపు అడుగున చేరేది ఇసుక. కొన్ని గంటలలో దానిపై పేరేది ఒండ్రు. మరునాటికో ఆ మరునాటికో తేరుకొనేది బంకమన్ను. మూడు పొరల మందం కొలిస్తే పాళ్ళు తెలుస్తాయి.

మూడవది నీరు దిగే పరీక్ష. అడుగు లోతు గొయ్యి తవ్వి నీటితో నింపి, అది ఇంకిన తరువాత మళ్ళీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవాలి. ఒకటి రెండు అంగుళాలు దిగితే మంచిది. అంగుళం కన్న తక్కువైతే ఎత్తు మడులు తప్పవు. నాలుగు అంగుళాలు దాటితే ఇసుక నేల పద్ధతులు పాటించాలి. పి.హెచ్., పోషకాల వివరాలకు రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు మట్టి పంపవచ్చు. టెక్సస్ ఎ అండ్ ఎం, జార్జియా, ఫ్లోరిడా, రట్గర్స్ విశ్వవిద్యాలయాలలో ఈ సేవ స్వల్ప రుసుముకు లభిస్తున్నది.

మట్టిని బాగుచేయడం

బంకమట్టిని వదులు చేయడానికి ఇసుక కలపడం సహజంగా తోచే ఆలోచన. సగానికి తక్కువ ఇసుక కలిపితే దాని రేణువుల నడుమ ఖాళీలలో బంకమన్ను నిండి మట్టి ఇటుకవలె గట్టిపడుతుంది. చౌడు నేలలను బాగుచేసే జిప్సం కూడా టెక్సస్ నల్లమట్టికి అంతగా ఉపకరించదు. చౌడు నేలలో సోడియంను తొలగించడానికి జిప్సంలోని కాల్షియం కావాలి. టెక్సస్ నల్లమట్టిలో కాల్షియం ఇదివరకే నిండుగా ఉన్నది. అన్ని నేలలకూ పనికివచ్చేది బాగా చివికిన ఆకుల, పశువుల ఎరువు. బంకమట్టిలో అది రేణువులను చిన్న గుళికలుగా చేర్చి నడుమ గాలి దారులు తెరుస్తుంది. ఇసుకలో నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. వేడి ప్రాంతాలలో ఈ సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది గనుక ప్రతి ఏటా రెండు మూడు అంగుళాల మందాన కలుపుతూ ఉండాలి. మొక్క మొదలుకు తగలకుండా ఎండుటాకులు కప్పితే పైమట్టి త్వరగా ఆరదు.

వేసవిలో టెక్సస్, ఫ్లోరిడాలలో అనేక నగరాలు తోటలకు నీరు పెట్టే రోజులపై నియమాలు విధిస్తున్నాయి. ఆ నియమాల నడుమ కూడా తోట పచ్చగా ఉండాలంటే గడియారాన్ని బట్టి కాక మట్టిని బట్టి నీరు పెట్టడం అలవడాలి. కుళాయి తిప్పే ముందు వ్రేలిని రెండు అంగుళాల లోతుకు మట్టిలో గుచ్చి చూడాలి. చెమ్మ తగిలితే ఆ పూటకు కుళాయి జోలికి పోనక్కరలేదు. ఆకు వాలి ఉన్నా, మట్టి తడిగా ఉంటే, మొక్క అడుగుతున్నది నీరు కాదు, గాలి.